బోర్లించి చూసిన గిన్నె

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఏ యాభై ఏళ్ళ కిందటి సంగతో అనుకునేరు. నిండా నాలుగేళ్ళు కాలేదు. కానీ మనిషికి చదువు అయిపోయి, ఇల్లు మారి, చేతికో ఉద్యోగం వచ్చి, అద్దంలో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు కూడా పలకరించాక నాలుగేళ్ళయినా 'ఆ రోజులే' అయిపోతాయి. ఆ రోజుల్లో నేను బ్రిస్బేన్‌లో యూనికి (యూనివర్సిటీని అక్కడ అంతా అలాగే అంటారు) వెళ్తూ, సన్నీబ్యాంక్ అనే పేటలో ఒక ఇంటి వెనకగదిలో అద్దెకుండేదాన్ని. ఇల్లుగలవాళ్ళది నంద్యాల. అంకుల్ మసాలా దినుసుల కొట్టు నడిపేవారు. ఆంటీ ఇంటినీ, కొట్టునీ, అంకుల్‌నీ కలిపి నడిపేది. వాళ్ళలో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకునేవారు, నాతో మాత్రం అచ్చమైన నంద్యాల తెలుగు. తెనాలి నుంచి వచ్చిన నాకు మొదటి వారం ఆవిడ మాటల్లో సగమే అర్థమయ్యాయి. (ఆవిడకి నా మాటలన్నీ అర్థమయ్యేవట. కాకపోతే నేను ఎప్పుడు మాట్లాడుతున్నానో, ఎప్పుడు పాడుతున్నానో తెలిసేది కాదని తర్వాత చెప్పింది.)

అప్పటికి రెండు నెలలుగా పార్ట్‌టైమ్ పని కోసం నేను మెట్లెక్కని కేఫ్ లేదు. అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసి పని దొరికిందా అని అడిగేది, నేను దొరుకుతుందిలే అనేదాన్ని. ఒక ఆదివారం ఆ గొంతులో దిగులు వినలేక, దొరికిందమ్మా, కేఫ్‌లో, చేరిపోయాను కూడా అనేశాను. అబద్ధం ఆడేటప్పుడు వీలైనంత చిన్నది ఆడాలని ఆ వయసులో తెలియదు. సోమవారం పొద్దున లేచేసరికి పిన్ని వాట్సాప్‌లో లడ్డూ బొమ్మ పంపింది. మధ్యాహ్నానికి నా చిన్నప్పటి లెక్కల మాస్టారు కూడా శుభాకాంక్షలు చెప్పారు. అమ్మ వీధిలో ఎవరినీ వదిలిపెట్టలేదన్నమాట. ఇంక వెనక్కి తగ్గడానికి దారి లేదు. ఎక్కడో ఒకచోట నిజంగా చేరిపోవడమే మిగిలింది.

మర్నాడే యూని పక్కనున్న ఒక చిన్న కేఫ్ నుంచి పిలుపొచ్చింది. అక్కడి మేనేజర్ పొట్టిజుట్టు, ముక్కు నిండా మచ్చలూ ఉన్న పొడుగాటి మనిషి, ఎక్కువ మాట్లాడదు. కాఫీ తియ్యడం వచ్చా అంది, రాదన్నాను. నోరు తెరిచిన ప్రతిసారీ రాదనడానికి నాకు సిగ్గేసింది. అందుకే, స్మూతీ బౌల్స్ చెయ్యడం వచ్చా అని ఆవిడ అడగ్గానే, మా ఇంట్లో రోజూ చేస్తాం అన్నాను. (మా ఇంట్లో రోజూ చేసేది ఇడ్లీ.) శనివారం పొద్దున ట్రయల్‌కి రమ్మంది. ఒక గంట పని చేయించి చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, స్మూతీ బౌల్ అంటే గడ్డకట్టించిన పండ్లను చిక్కగా రుబ్బి గిన్నెలోకి తీసి, పైన అరటి చక్రాలూ, కొబ్బరి కోరూ, గింజలూ, తేనెలో వేయించిన ఓట్స్ అటుకులూ అందంగా పేర్చి, చెంచాతో తినే ఫలహారం. పైన పేర్చినవి మునగకూడదు. దాని రహస్యమంతా ఆ చిక్కదనంలోనే ఉంది. ఆ సంగతి నాకు నాలుగో రోజుకి గానీ తెలియలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే అరటిపళ్ళూ, బెర్రీల ప్యాకెట్టూ కొనుక్కొచ్చి, పళ్ళను గడ్డకట్టించాలని చదివాను కాబట్టి అరటిపళ్ళను తొక్కతో సహా ఫ్రీజర్‌లో పెట్టేశాను. సాయంత్రానికి అవి నల్లబడి రాళ్ళయ్యాయి. తొక్క ఊడదు, గోరు దిగదు. కొట్టు నుంచి వచ్చిన అంకుల్ నా అవస్థ చూసి, మటన్ కొట్టే కత్తి తెచ్చి, ఎంతో గౌరవంగా ఆ పళ్ళను తొక్కతోనే ముక్కలు చేసి పెట్టారు. తొక్కలు ఒలుచుకుని, తెనాలి నుంచి దుప్పట్లో చుట్టి తెచ్చుకున్న మిక్సీ పెద్ద జార్‌లో వేసి తిప్పాను. అది గుర్రుమంది గానీ తిరగలేదు. కాసిని పాలు పోశాను. మళ్ళీ గుర్రుమంది. ఇంకాసిని పోశాను. మిక్సీ తిరక్కపోతే కొంచెం నీళ్ళు పొయ్యడం నా రక్తంలో ఉన్న విద్య, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మా వంటింట్లో చూసిందే. చివరికి అది హాయిగా తిరిగింది. గిన్నెలో పోసి పైన అరటి చక్రాలు పెడితే ఒక్కొక్కటే బుడుంగున మునిగిపోయాయి. చియా గింజలు లేక ఆంటీ డబ్బాలోంచి తీసి నానబెట్టిన సబ్జా గింజలు మాత్రం ఊదారంగు పాలల్లో ఈదుతూ నాకేసి చూస్తున్నాయి.

అసలు ఇబ్బంది ఇంకొకటుంది. అది రంజాన్ నెల. ఇంట్లో ఇద్దరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసముంటే, వాళ్ళ వంటింట్లోనే నిలబడి తియ్యటి పళ్ళు రుబ్బుతున్నానన్న సిగ్గుతో చచ్చిపోతున్నాను. అందుకని వంటింటి తలుపు దగ్గరగా వేసి మిక్సీ పెట్టేదాన్ని. బుధవారం పాలు తగ్గించి ఐసు ముక్కలు వేశాను, అది గోలీసోడా బండి దగ్గర అమ్మే ఐసులా రవ్వరవ్వగా వచ్చి పది నిమిషాల్లో నీరైంది. గురువారం ఇంక పాలే పొయ్యనని ఒట్టు పెట్టుకుని ఆపకుండా తిప్పాను. మిక్సీ వేడెక్కి కాలిన వాసన వచ్చింది, ఆ వేడికి పండ్లు కరిగి మళ్ళీ కథ మొదటికొచ్చింది. పారబొయ్యడానికి సింకు దగ్గరికి వెళ్తే ఆంటీ చెయ్యి పట్టుకుని ఆపేది. ఆ జగ్గు ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఉపవాసం విడిచే వేళ ఖర్జూరాలతో పాటు బల్ల మీద పెట్టేది. ఇద్దరూ గ్లాసు నిండా పోసుకుని తాగేవారు. అంకుల్ గడ్డానికి అంటిన ఊదారంగు తుడుచుకుంటూ, సబ్జా వేశావు, మంచి పని చేశావు బేటీ అనేవారు. నేను తల దించుకుని సమోసా తినేదాన్ని. మూడు రోజులు వరసగా నా ఓటమిని ఎదురుగా కూర్చుని ఇద్దరు పెద్దవాళ్ళు తాగుతుంటే చూడడం మామూలు శిక్ష కాదు.

ఆ గురువారం కాలిన వాసనకి ఆంటీ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. తలుపు మూస్తే మిక్సీ చప్పుడు ఆగుతాదా పాపా అంది. నేను ఇంక దాచలేక మొత్తం చెప్పేశాను, అమ్మతో ఆడిన అబద్ధంతో సహా. ట్రయల్‌లో తప్పితే అమ్మకి ఏం చెప్పాలో, లెక్కల మాస్టారికి ఏం చెప్పాలో తెలియడం లేదని ఏడ్చేశాను కూడా. ఆవిడ నన్ను ఓదార్చలేదు. జార్‌లోకి తొంగి చూసింది.

"మీ తెనాల్లో గారెల పిండికి ఇట్లనే పోస్తారా?"

"పొయ్యరాంటీ. చెయ్యి తడుపుకోవడమే."

"మరి దీనికెందుకు పోస్తాండావు?"

"తిరగట్లేదని."

"తిరగకుంటే ఆపాల. గరిటెతో కిందా మీదా కలపాల. మళ్ళా రోంత తిప్పాల. నువ్వు పాలు పోసి దాన్ని బతిమాలతాండావు పాపా. పిండిని ఎవరన్నా బతిమాలతారా?"

రెండు నెలలుగా కేఫ్‌ల వాళ్ళని బతిమాలుతున్న నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. మర్నాడు మధ్యాహ్నం ఆంటీ వంటింట్లో ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. అరటిపళ్ళు ఒలిచి, చక్రాలు కోసి, ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టించింది. పెద్ద జార్ పక్కన పడేయించి పచ్చళ్ళ జార్ తీయించి, దాన్ని కూడా చల్లబరచమంది. రెండు చెంచాల గడ్డపెరుగు తప్ప ఇంకో చుక్క పడనివ్వలేదు. తిప్పడం, ఆపడం, గరిటెతో తొయ్యడం, మళ్ళీ తిప్పడం. నా చెయ్యి పాలసీసా వైపు వెళ్ళినప్పుడల్లా ఆవిడ గొంతు సవరించుకునేది. చివరికి జార్‌లోంచి చిక్కటి ముద్ద గిన్నెలోకి జారింది. బాగుందో లేదో తెలియాలి. నేను రుచి చూసి బాగుందన్నాను. ఆవిడ నా నాలుకని నమ్మలేదు (మూడు రోజుల సరుకు చూశాక నేనైనా నమ్మను), ఆవిడ నాలుకకేమో సూర్యాస్తమయం దాకా సెలవు. కాసేపు ఆలోచించి, గిన్నె తీసుకుని, బిస్మిల్లా అంటూ ఒక పళ్ళేనికి జానెడు పైన బోర్లించింది. ముద్ద కదల్లేదు.

"ఇంగ పో పాపా. పాసైనావు."

ఆ మధ్యాహ్నం మొత్తం అదే పని. చెయ్యడం, బోర్లించడం. ఆరుసార్లు చేసి ఆరుసార్లు బోర్లించాను. ఆఖరి మూడూ పడలేదు. సాయంత్రానికి అవన్నీ కరిగి ఎప్పటిలాగే జగ్గులోకి చేరాయి, ఎప్పటిలాగే వాళ్ళిద్దరూ తాగారు. అంటే నాకు ఆ విద్య నేర్పిన మనిషి దాన్ని ఒక్కసారి కూడా చిక్కగా నోట్లో పెట్టుకోలేదన్నమాట. నాకది ఆ రోజు తట్టలేదు.

శనివారం పొద్దున కేఫ్‌లో మేనేజర్ పక్కన నిలబడింది. వాళ్ళ మిక్సీ మా పచ్చళ్ళ జార్‌కి పెద్దన్న. దాని మూతలోంచి లోపలికి దించి పండ్లను కిందికి తొయ్యడానికి ఒక నల్లటి కర్ర కూడా ఉంది. దాన్ని చూడగానే సొంత రోకలిని చూసినంత ధైర్యం వచ్చింది. ఆవిడ పాల డబ్బా నా ముందుకు జరిపింది. నేను మర్యాదగా వెనక్కి జరిపాను. ఆవిడ కనుబొమలు కొంచెం లేచాయి. కర్రతో తోస్తూ, ఆపుతూ, కలుపుతూ చేశాను. గిన్నెలోకి తీసి పైన అరటి చక్రాలు వరసగా పేర్చాను. ఒక్కటీ మునగలేదు. ఓట్స్ అటుకులు పోశాను, కొబ్బరి చల్లాను, బ్లూబెర్రీలు పెట్టాను, ఇంటికొచ్చిన చుట్టాలకి పెట్టినట్టు ఇంకో గుప్పెడు కూడా పెట్టాను. ఇంత అందమైన వస్తువు నా చేత్తో అంతకు ముందు ఎప్పుడూ తయారు కాలేదు. అక్కడితో ఊరుకోవాలి. కానీ ముందురోజు ఆరుసార్లు నేర్చుకున్న చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గిన్నె తీసుకుని, బిస్మిల్లా అని, మేనేజర్ కళ్ళ ముందు టక్కున బోర్లించాను.

ముద్ద కదల్లేదు. మిగతావన్నీ కదిలాయి. అటుకులు బల్లంతా పరుచుకున్నాయి. అరటి చక్రాలు ఆవిడ బూట్ల మీద పడ్డాయి. బ్లూబెర్రీలు దొర్లుకుంటూ కాఫీ మెషీన్ కిందికి వెళ్ళిపోయాయి. నేను బోర్లించిన గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను, తిరగెయ్యాలని కూడా తోచలేదు. నా కళ్ళ ముందు కేఫ్ లేదు, లెక్కల మాస్టారు ఉన్నారు. ఎందుకలా చేశావని ఆవిడ నెమ్మదిగా అడిగింది. అబద్ధం ఆడే ఓపిక లేక ఉన్నది చెప్పేశాను. నాకు నాలుగు రోజుల కిందటి వరకు ఇది రాదు, మా ఇంటి ఆంటీ నేర్పింది, ఆవిడ ఉపవాసంలో ఉంది, రుచి చూడకూడదు, అందుకని ఇలా చూస్తాం అన్నాను. ఆవిడ వంగి గిన్నెని కింద నుంచి చూసింది. వేలితో తట్టింది. తర్వాత ఎంతసేపు నవ్విందంటే, కాఫీ కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. సోమవారం నుంచి రా, చిక్కగానే ఉంది, కాని కస్టమర్ల ముందు మాత్రం బోర్లించకు అంది. ముందు ఆ బ్లూబెర్రీలు ఏరు అని చీపురు చేతికిచ్చింది. నేను అంత సంతోషంగా ఊడ్చిన నేల ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

బయటికి రాగానే అమ్మకి ఫోన్ చేసి, ఉద్యోగం వచ్చిందమ్మా అన్నాను ఒగరుస్తూ.

"చేరి వారమైందన్నావుగా. మళ్ళీ ఇప్పుడేంటే కొత్తగా?"

ఆ సాయంత్రం జగ్గు ఖాళీ. చెడగొట్టడానికి నేను ఇంట్లో లేను కదా. ఆంటీ అలమార పైఅరలోంచి గులాబీ షర్బతు సీసా దించింది. దాని మూత సీలు అప్పుడే తెంచింది. అది అంకుల్‌కి ప్రాణమనీ, దాని కోసం ఏడాదంతా ఎదురుచూస్తారనీ, తమ కొట్టుకి రాగానే మొదటి సీసా ఇంటికే తెచ్చుకుంటారనీ, ఈసారి మంగళవారమే తెచ్చారనీ ఆవిడ మామూలుగా చెప్పుకుపోతోంది. నేను ఆ సీలు వైపే చూస్తున్నాను. నాలుగు సాయంత్రాలు, పొద్దుటి నుంచి ఎండిన గొంతులతో, ఆ సీసా పైనే ఉంచుకుని, వాళ్ళు నేను చెడగొట్టింది తాగారు. పిల్ల చిన్నబుచ్చుకుంటుందని. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆంటీ నన్ను చూసి, ఉద్యోగమొచ్చిన దినం ఎవరన్నా ఏడుస్తారా అని కసిరింది. అంకుల్ గులాబీ షర్బతు ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "ఏం బేటీ, ఈరోజు నీది లేదా?" అన్నారు.

ఈద్ నాడు వాళ్ళిద్దరికీ అసలు సిసలు స్మూతీ బౌల్ చేసి పెట్టాను. చెంచా నిలబడేంత చిక్కగా, పైన బాదం, పిస్తా పేర్చి. మొదటిసారి ఆంటీ నాలుక తీర్పు చెప్పబోతోంది. రెండు చెంచాలు తిని, కాసేపు చప్పరించి, మొహమాటపడుతూ అంది.

"బాగుండాది పాపా. కానీ అప్పుడు పల్చగా చేస్తాంటివి చూడు, అదే బాగుండె."

ఆ మాట నిజమో, నా మీద ప్రేమో నాకు ఈ రోజుకీ తెలియదు. తేల్చుకోవాలని కూడా లేదు. ఇప్పుడు నేను ఊరికి ఆ చివర ఉంటున్నాను, ఒక ల్యాబ్‌లో పని, కేఫ్ మానేసి చాన్నాళ్ళయింది. అయినా ప్రతి రంజాన్‌కీ ఒక సాయంత్రం ఆ పచ్చళ్ళ జార్ కార్లో వేసుకుని సన్నీబ్యాంక్ వెళ్తాను. నాది తాగందే అంకుల్‌కి ఆ నెల నెలలా ఉండదట. తమాషా ఏమిటంటే నాకిప్పుడు దాన్ని చెడగొట్టడం రావడం లేదు. రెండేళ్ళు కేఫ్‌లో వందల గిన్నెలు చిక్కగా చేసిన చెయ్యి, పాలసీసా దాకా వెళ్ళి ఆగిపోతుంది. అప్పుడు ఆంటీ స్టూలు మీద నుంచి లేచి, నా భుజం మీదుగా చెయ్యి చాపి, ధారాళంగా తనే పాలు పోసేస్తుంది. మిక్సీ హాయిగా తిరుగుతుంది. తలుపు మూసుకుని, భయపడుతూ, బతిమాలుతూ పాలు పోసిన ఆ తెనాలి పిల్ల అప్పుడు ఒక్క నిమిషం నా పక్కనే నిలబడినట్టుంటుంది. దానికి ఏమీ రాదు పాపం, కానీ ఆ ఇంట్లో అందరికీ దాని చేతి వంటే ఇష్టం.