కొల్లేటి మంచులో రెండు పిలుపులు

మా సంవత్సరం రెండు ముక్కలుగా గడుస్తుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు తగ్గేదాకా పేరుపాలెం సముద్రపు ఒడ్డున, సరుగుడు తోట పక్కన కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఉంటాం. తుఫాను కబుర్లు మొదలవగానే ఆ ఇంటికి తాళం వేసి, పాత వ్యానులో డేరా, చిన్న గ్యాసు పొయ్యి, రెండు మడత మంచాలు సర్దుకుని చలికాలమంతా ఊళ్ళు తిరుగుతాం. నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను, మావారు గుమాస్తాగా. ఈ ఏడాది మాత్రం బయల్దేరే ముందు ఇంట్లో పెద్ద పేచీ అయింది. మావారికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవితో మాట వినిపిస్తుంది గానీ, అది ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. వంటింట్లోంచి పిలిస్తే వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడతారు. ఇంట్లో అయితే నవ్వుకుంటాం, తెలియని చోట నీళ్ళ పక్కన ఏమిటి గతి అని నా భయం. "డేరా అమ్మేద్దాం, ఇక మనకి సముద్రం చాలు" అన్నాను. "కొల్లేటి గూడబాతుల్ని, ఆ సంచి ముక్కు పిట్టల్ని, దగ్గర్నుంచి చూడలేదు. అదొక్కటీ కానీ, తర్వాత నీ ఇష్టం" అన్నారాయన. ఆ షరతు మీద బయల్దేరాం.

పేరుపాలెం నుంచి కొల్లేటికి భీమవరం, ఆకివీడు మీదుగా వెళ్ళడమే దగ్గర. మేం చుట్టుదారిన తాడేపల్లిగూడెం వెళ్ళాం. కిందటేడు డేరా కప్పు చిరిగింది, దాన్ని కుట్టగలిగిన మస్తాన్ గారి కొట్టు అక్కడుంది. లారీలకి టార్పాలిన్లు కుట్టే మనిషి. మేం టిఫిన్ చేసి వచ్చేలోగా చిరుగు మీద మాసిక వేసి, నాలుగొందలు తీసుకున్నారు. "ఈ నెలలో కొల్లేటి గట్ల మీదా అండీ?" అన్నారు. "మంచు బాగా దిగుతుందండీ. వ్యాను దగ్గర్నుంచి దూరం వెళ్ళకండి అమ్మగారూ." అలాగేనండీ అని వచ్చేశాం. మావారికి ఆ మాట వినపడలేదు, నేనూ మళ్ళీ చెప్పలేదు. పెంటపాడు వైపు కోతలైన చేలల్లో కుప్పలు, వాటి మీద పల్చటి ఎండ, చూడ్డానికి హాయిగా ఉంది.

ఏలూరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. భోజనం మనిషికి నూట ఇరవై, గోంగూర పచ్చడి మాత్రం రెండోసారి అడిగి వేయించుకునేలా ఉంది. అక్కడి నుంచి కైకలూరు రోడ్డు పట్టుకుంటే కాసేపటికి ఊళ్ళు పల్చబడి, ఇటూ అటూ నీళ్ళే మొదలవుతాయి. సరస్సెక్కడ ముగిసి చేపల చెరువులెక్కడ మొదలయ్యాయో కొత్తవాళ్ళకి తెలియదు. ఇలా వెళ్ళాలనుకునేవారు కైకలూరులో ఐసు, చేపల మేత అమ్మే కొట్ల దగ్గర ఆగి అడగండి. చెరువుల వాళ్ళందరూ అక్కడికి వస్తారు, మర్యాదగా అడిగితే ఎవరో ఒకరు తమ గట్టు మీద మకాం వేసుకోనిస్తారు. మాకూ అలాగే మండవల్లి అవతల ఒక చెరువు దొరికింది. బాడుగేమీ అడగలేదు. కాపలా మనిషికి చెప్పి ఉండమన్నారు, అంతే.

గట్టు ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. చెరువు మీద పిట్టలు వాలకుండా అడ్డంగా తాళ్ళు, వాటికి మెరిసే రిబ్బన్లు, నడుమ చేపలకి గాలి అందేలా నీళ్ళు చిలికే చక్రాలు, నిలిపేసి ఉన్నాయి. మనిషి అలికిడి లేదు. వ్యాను దిగి నిలబడితే నా చెవిలో నా ఊపిరి వినపడింది. కాపలా గుడిసెలోంచి గంగరాజు గారు వచ్చారు. యాభై దాటి ఉంటాయి, తలకి తువ్వాలు, చాలా నెమ్మదైన మనిషి. ముందుగా చేయి చాపి తూర్పు చివర చూపించారు. అక్కడొక వెదురు గెడకి లౌడ్‌స్పీకరు కట్టి ఉంది.

"అటు మాత్రం ఎల్లకండి బాబుగారూ. వానలకి గట్టు తెగిందండి. నీళ్ళ మోటారు దింపుకోడానికని అలాగే వదిలేశారు. మనిషి లోతుంటాది."

మావారు తలూపారు. ఆయన ఎంత విన్నారో అనుమానం వచ్చి, గెడ వైపు చూపించి నేను మళ్ళీ గట్టిగా చెప్పాను.

"ఇంకోటండీ, పొద్దున్నే మా యావిడ కేకలేసుద్దండి, పిట్టల్ని తోలడానికి. మీకు నిద్ర చెడుద్దేమో" అన్నారు గంగరాజు గారు.

తోడుగా ఇంకో ఆడమనిషి ఉందని నా ప్రాణం కుదుటపడింది. డేరా వేయడం అవగానే, తెచ్చుకున్న పులిహోర కొంచెం గిన్నెలో పెట్టుకుని ఆవిడని పలకరిద్దామని గుడిసెకి వెళ్ళాను. గుమ్మం పక్కన ఆడవాళ్ళ రబ్బరు చెప్పులు ఉన్నాయి, శుభ్రంగా కడిగి గోడకి ఆనించి. లోపల ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. ఇంకెవరూ లేరు.

"అమ్మగారు లేరా అండీ?"

"ఉందండి" అన్నారాయన గిన్నె అందుకుంటూ. "పొద్దున్నే వినపడద్ది."

గబగబా డేరాకి వచ్చేశాను. మావారితో చెబితే ఊళ్ళోకి వెళ్ళి ఉంటుందిలే అని కొట్టిపారేశారు. నాకు మాత్రం ఆ కడిగిన చెప్పులే గుర్తొచ్చి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మెలకువ వచ్చేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. ఆయన ఫోను దిండు మీదే ఉంది, బైనాక్యులర్స్ లేవు. గూడబాతుల కోసం నన్ను లేపకుండా వెళ్ళిపోయారన్నమాట. డేరా జిప్పు తీస్తే ఎదురుగా ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు. పక్కనే ఆపిన వ్యాను లేదు, చెరువు లేదు, నేను చేయి చాపితే నా వేళ్ళే మసకగా ఉన్నాయి. మంచులో ఎక్కడో రెక్కలు నీళ్ళని కొడుతున్న చప్పుడు. వందల పిట్టలు నా చుట్టూ ఉన్నాయి, ఒక్కటీ కనపడదు. సరే, గట్టు మీదే కూర్చుని ఉంటారని స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టాను.

అప్పుడు వినపడింది. ఆడగొంతు, సన్నగా, సాగదీసి.

"ఏవండీ... ఇటు రండీ... ఇటూ..."

గంగరాజు గారి ఆవిడ వచ్చేసిందన్నమాట అనుకున్నాను. కాసేపాగి మళ్ళీ అదే పిలుపు. అదే సాగదీత, చివర అదే చిన్న దగ్గు. మూడోసారి కూడా ఆ దగ్గు సరిగ్గా అక్కడే వచ్చింది. మనిషి గొంతు అలా ఉండదు. అంతలో మంచులోంచి మావారి గొంతు, ఎంతో మామూలుగా, బజారు నుంచి వస్తున్నట్టు పలికింది.

"ఆఁ, వస్తున్నా."

నేను పిలవలేదు. ఆయన పలుకుతున్నారు.

నాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. పిలుపు తూర్పు చివర్నుంచి వస్తోంది, గట్టు తెగిన చోటి నుంచి. ఆయన దానికి బదులిస్తూ నడుస్తున్నారు. "ఏవండీ!" అని అరిచాను. "ఏవండీ" అని అటు నుంచీ వచ్చింది. "ఆగండీ! అటు కాదు!" అని గొంతు చించుకున్నాను. "వస్తున్నానే, ఎందుకలా కంగారు" అన్నారాయన. గొంతు ఇంకా దూరమైంది. నేను ఎంత పిలిస్తే ఆయన అంత తొందరగా నడుస్తున్నారు. ఉన్న ఒక్క చెవికి నా పిలుపూ ఆ పిలుపూ ఒక్కటే అయిపోయాయి. ఈ జిల్లాలో పెళ్ళాలందరం మొగుళ్ళని ఆ ఒక్క మాటతోనే పిలుస్తాం. అది నేనే అని ఆయనకి ఎలా తెలియాలి?

పేరు పెట్టి పిలవాలని తట్టింది. నవ్వకండి, గొంతు పెగల్లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ పేరు నేను పలికింది ఒక్కసారి. కొత్త కోడలిగా గుమ్మం ముందు నిలబెట్టి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామని ఆడపడుచులు పట్టుబడితే, నేలకేసి చూస్తూ గొణిగాను. ఆ తర్వాత బ్యాంకులోనైనా ఆస్పత్రిలోనైనా కాగితం మీద రాసి చూపించడమే. ఇప్పుడు నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు. అవతల ఆ గొంతు మళ్ళీ "ఇటు రండీ" అంది. నాకు దాని మీద ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపంతోనే అరిచాను.

"సూర్యప్రకాశరావు గారూ!"

అంత భయంలోనూ గారు మానలేదు.

మంచులో అడుగుల చప్పుడు ఆగింది. కాస్సేపటికి ఆయన గొంతు, పరాయి మనిషితో మాట్లాడుతున్నట్టు, "ఎవరండీ?" అంది.

"నేనేనండీ! ఉన్నచోటే ఉండండి! కూర్చోండి! కదిలితే నా మీద ఒట్టే!"

నా కేకలు విని గంగరాజు గారు పరుగున వచ్చారు. చేతికర్రతో గట్టు తడుముకుంటూ ఆయన ముందు, ఆయన చొక్కా పట్టుకుని నేను వెనక వెళ్ళాం. మావారు తడిగడ్డి మీద బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఆయన కాళ్ళ ముందు గడ్డి అయిపోయి, మంచు నేరుగా నీళ్ళలోకి దిగుతోంది. చూసి నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కనే కూర్చున్నాను. ఆయన నా మొహంకేసి వింతగా చూశారు. "నువ్వా పిలిచింది? ఎవరో ఆఫీసరు అనుకున్నాను" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. మా తలల మీద, గెడ మీద నుంచి ఆ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది. గంగరాజు గారు గుడిసెకి వెళ్ళి కట్టేశారు.

గుడిసె ముందు టీ తాగుతూ నేను గంగరాజు గారిని గట్టిగానే నిలదీశాను, దాచుకోవడం ఎందుకు. "అలా మనిషిని పిలిచినట్టు పెడతారా అండీ? ఇంకో అడుగు వేస్తే ఏమయ్యేది?" ఆయన తల వంచుకున్నారు. మగ గొంతుకంటే ఆడగొంతుకి పిట్టలు బాగా బెదురుతాయని, రెండేళ్ళ కిందట భార్య నాంచారమ్మ కేకల్ని ఫోనులో ఎక్కించారట. పిట్టలు వాలిన వైపు నిలబడి ఆవిడ ఆయన్ని అలాగే పిలిచేదట. మొన్న ఎండాకాలంలో ఆవిడ జ్వరంతో పోయిందట.

"పిట్టలు ఇప్పటికీ బెదురుతాయా అండీ?" అని మావారు అడిగారు.

"ఎక్కడండీ, ఎప్పుడో అలవాటైపోయాయి. మార్చేసి టపాకాయల మోత పెట్టమంటున్నారండి చెరువోళ్ళు." గ్లాసు కింద పెట్టి ఆయన నా వైపు తిరిగారు. "మీరు పేరెట్టి పిలిచారు కదండీ, నాకు వినపడింది. మా యావిడ ఎప్పుడూ పిలవలేదండి. పిలిచుంటే అదీ అందులో ఉండేది. ఇప్పుడది ఎవర్ని పిలుస్తుందో నాకే తెలవట్లేదండి."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఎండ ఎక్కి మంచు విడుతుంటే తూర్పు చివర కనపడింది. ఆ వెదురు గెడ చుట్టూ, స్పీకరు కిందే, గూడబాతులు బారులు తీరి కూర్చుని ఉన్నాయి. బైనాక్యులర్స్ అక్కరలేనంత దగ్గర. మావారు కోరుకున్నదే అది. ఆయన మాత్రం వాటి వైపు ఎక్కువసేపు చూడలేకపోయారు. "మళ్ళీ వెయ్యండి గంగరాజు గారూ" అన్నారు, "ఈసారి ఎటు నుంచి వస్తోందో నాకు తెలుసు." ఆయన వేశారు. పిట్ట ఒక్కటీ లేవలేదు. చివర ఆ చిన్న దగ్గు దాకా మేం ముగ్గురం విన్నాం.

సామాను సర్దుతుంటే మావారే గుర్తు చేశారు, డేరా సంగతి నీ ఇష్టం అన్నాను కదా అని. ఇంటికొచ్చి పది రోజులైంది, ఇది సముద్రపు హోరులో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ భయం లేదనుకునేదాన్ని. నిన్న దొడ్లోంచి "ఏవండీ" అని పిలిస్తే ఆయన వెంటనే రాలేదు, తలుపు దగ్గర ఆగి, పిలిచింది నేనేనా అని తొంగి చూసి అప్పుడు వచ్చారు. ఇద్దరిలో ఒకరు పిలిచి, రెండో మనిషి పలకని రోజు ఒకటి ఉంది. గట్టు మీదున్నా, తలుపులేసుకుని ఈ ఇంట్లోనే ఉన్నా అది వస్తుంది. అందుకని డేరా అమ్మలేదు, శివరాత్రిలోపు ఇంకోసారి వెళ్తాం. మీరూ చలికాలంలో చెరువుల వైపు మకాం వేసేటట్టయితే మనిషికో విజిల్ మెళ్ళో వేసుకోండి, గట్టు మీద వెలుగొచ్చేదాకా కదలకండి. బయల్దేరే ముందు ఇంట్లోనే, తలుపులు మూసుకునైనా సరే, మీవారిని ఒకసారి పేరు పెట్టి గట్టిగా పిలిచి చూసుకోండి. మొదటిసారి గొంతు పెగలదు.