టీచరమ్మ గొంతు పోయిన వారం

ఇంట్లో ఆమెను అందరూ వసపిట్ట అనేవారు. అక్క పెట్టిన పేరది. డిగ్రీ అయ్యాక వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో, అడిగేవాళ్లకు సందివ్వకుండా తనే మాట్లాడి వచ్చింది. ఉద్యోగం రాలేదు. రెండోచోటా అదే వరస.

అప్పుడే అక్క ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది. పరాయి దేశంలో ఇంగ్లిష్ నేర్పే ఉద్యోగం. కొత్తగా డిగ్రీ అయినవాళ్లు చాలు, శిక్షణ వాళ్లే ఇస్తారు, ఉండటానికి గది కూడా.

"చూడవే, మాట్లాడితే జీతమిస్తారట. నీకోసమే పుట్టిందీ ఉద్యోగం," అంది అక్క.

నాన్నేమో, "ఏడాది చూసి రా తల్లీ. నచ్చకపోతే తిరిగొచ్చెయ్," అన్నాడు.

ఆ దేశంలో ఆమె చేరిన ఇన్‌స్టిట్యూట్ కళ్లజోళ్ల దుకాణం పైన ఉండేది. కిటికీలోంచి చూస్తే బస్సు డిపో. సాయంత్రం క్లాసుకు వచ్చేవాళ్లంతా పని దిగి నేరుగా వచ్చేవాళ్లే: కింది దుకాణం నడిపే ఆవిడ, పళ్ల డాక్టరు దగ్గరి నర్సు, ఒక బస్సు డ్రైవరు, ఇంకొందరు. వ్యాకరణం బాగానే వచ్చు, నోరే పెగలదు. ప్రశ్న అడిగితే నవ్వి బల్లకేసి చూసేవారు. ఆ నిశ్శబ్దం మన టీచరమ్మకు ఊపిరాడనిచ్చేది కాదు. జవాబు తనే చెప్పేసేది. జోకు తనే వేసి, తనే నవ్వేది.

ఒకరోజు హెడ్ టీచరు వెనక వరసలో కూర్చుని క్లాసంతా చూసింది. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. "నువ్వు చాలా బాగా మాట్లాడతావమ్మాయ్. వాళ్లెలా మాట్లాడతారో మాత్రం నాకు తెలియలేదు," అంది.

వసపిట్ట మొహం చిన్నబోయింది. మర్నాడు పెదవులు బిగబట్టి చూసింది. ఎంతోసేపు ఆగలేకపోయింది.

తర్వాత జలుబు పట్టుకుంది. గొంతు పూర్తిగా పోయింది. గుసగుసలు కూడా వద్దన్నాడు డాక్టరు. బదులు వచ్చే టీచరు లేరు. చేసేదిలేక క్లాసుకు వెళ్లి, బోర్డు మీద రాసింది: 'నా గొంతు పోయింది. ఈరోజు మీరే మాట్లాడాలి.'

ఎవరూ కదల్లేదు. చివరికి డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "టీచర్. ఉప్పు నీళ్లు. పుక్కిలించు."

"ఉప్పు వద్దు. ఆవిరి మంచిది," అంది నర్సు.

"మా అమ్మ ఎప్పుడూ ఉప్పు. నేను రోజూ బస్సులో అరుస్తాను. నా గొంతు చూడు."

"మీ అమ్మ డాక్టరా?" అడిగింది కళ్లజోళ్ల ఆవిడ.

క్లాసు గొల్లుమంది. తర్వాత ఇక ఆగలేదు. ఉప్పుకు కొందరు, ఆవిరికి కొందరు. కాలాలు కలిసిపోయాయి, క్రియలు తలకిందులయ్యాయి, అయినా అంతా ఇంగ్లిష్‌లోనే. డ్రైవరు లేచి నిలబడి మరీ వాదించాడు. టీచరమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా చప్పుడు లేకుండా నవ్వింది.

వారాంతానికి గొంతు వచ్చేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాతి క్లాసుకూ మూగగానే వెళ్లింది. సగంలో డ్రైవరు చెయ్యెత్తాడు.

"టీచర్, పొద్దున నా బస్సు ఎక్కారు. అద్దంలో చూశాను. ఫోన్‌లో మాట్లాడారు. ఆరు స్టాపులు మాట్లాడారు. అప్పుడు గొంతు ఉంది. ఇప్పుడు ఎందుకు లేదు?"

అతని నోట ఒక్క తప్పూ దొర్లలేదు. దొరికిపోయిన టీచరమ్మ ముందు చప్పట్లు కొట్టింది, తర్వాత నోరు విప్పింది. "మీ వల్లే దాచాను. మీరు మాట్లాడుతుంటే వినాలనిపించింది."

ఆనాటినుంచి ప్రశ్న అడిగాక నీళ్ల గ్లాసు ఎత్తి మెల్లగా తాగేది. గ్లాసు దించేలోపు ఎవరో ఒకరు మాట్లాడేవారు.

ఏడాది ముగుస్తుండగా హెడ్ టీచరు పిలిచి, కొత్తగా వచ్చే గ్రాడ్యుయేట్లకు శిక్షణ నువ్వే ఇవ్వాలంది. ఆ సాయంత్రమే నాన్నకు ఫోన్ చేసింది.

"ఇంకో ఏడాది ఉంటాను నాన్నా."

"నచ్చిందా తల్లీ?"

"చాలా."

"అయితే ఉండు. మేమే వచ్చి చూస్తాం," అన్నాడు నాన్న. వెనకనుంచి అక్క, టిక్కెట్ల ధర ఎంతో అప్పుడే వెతికి పైకి చదవడం మొదలుపెట్టింది.