ఒక్క డిస్కు చూసి చెప్పిన మాట

ఇరవై ఏళ్లు దాటింది. ఈ మాట గొంతు దాకా వస్తుంది, మింగేస్తాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడరు కదా, అందుకు.

మాది కోరుట్ల. నక్సలైట్ల కాలం అది. బంద్ అంటే బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. నేను నగరంలో వైద్యం చదువుతూ, చివరి ఏడాది హౌస్ సర్జన్‌గా వార్డులో ఉన్నాను. సిరిసిల్ల నుంచి నర్సయ్య అనే మరమగ్గాల కార్మికుడు వచ్చాడు. క్షయకు మాత్రలు మొదలుపెట్టి రెండు నెలలు. దగ్గు తగ్గింది గానీ మతి చెదిరింది. గోడలోంచి ఎవరో పిలుస్తున్నారనేవాడు, అన్నంలో విషం కలిపారనేవాడు.

మా ప్రొఫెసర్‌కు అనుమానం వచ్చింది. ఈ మాత్రల వల్ల ఇలా జరిగిన కేసులున్నాయేమో లైబ్రరీలో వెతకమని నన్ను పంపారు.

లైబ్రరీలో ఒకటే కంప్యూటర్. వైద్య పత్రికల వ్యాసాల వివరాలన్నీ సీడీల్లో ఉండేవి, ఏడాదికొక డిస్కు. ఒకటి పెట్టి, మాట కొట్టి, అది తిరిగి తిరిగి చెప్పేదాకా కూర్చోవాలి. తర్వాత ఇంకొకటి. మర్నాడు బంద్. ఆ రోజు మధ్యాహ్నం బస్సు తప్పితే ఇంటికి పోలేను. ఒక్క డిస్కు పెట్టాను. మందు పేరు పక్కన పిచ్చికి మామూలుగా వాడే ఇంగ్లిషు మాట కొట్టాను. సున్నా వచ్చింది. డాక్టర్లు రాసే మాట వేరని నాకు తెలియదా? తెలుసు. మాట మార్చి కొట్టడానికి ఎంతసేపు పడుతుంది?

"అన్నీ చూశాను సార్, ఏమీ లేవు" అని చెప్పాను. ఆయన నమ్మారు. మాత్రలు ఆపకుండానే, మానసిక వైద్యుడికి చూపించమని చీటీ రాసిచ్చారు.

సంచీతో మెట్లు దిగుతుంటే నర్సయ్య భార్య రాజవ్వ ఎదురొచ్చింది.

"సారూ, గా గోలీలు మింగవట్టిన కాన్నుంచే గిట్లయిండు. గవి బందు జేస్తే మంచిగైతడా?"

"లేదమ్మా, పుస్తకాలన్ని ఎతికిన. గోలీలతోని గిట్ల కాదు. ఆపకుండ్రి."

"సదువుకున్నోళ్లు, మీకే ఎరుక సారూ."

నేను చెప్పినట్టే మింగించింది. రెండు నెలలు పక్కనే ఉండి తాను కళ్లారా చూసింది కాదని, తెరమీద సున్నా చూసినవాడి మాట నమ్మింది.

కొన్నాళ్లకు వార్డుకు ఒక్కతే వచ్చింది, పెళ్లి ఫోటో పట్టుకుని. మొక్కు తీర్చుకుందామని వేములవాడ తీసుకుపోతే, గుడి ముందు జనంలో చెయ్యి విడిపించుకుని ఉరికాడట. దొరకలేదు. ఆ రోజుల్లో ఊరు పేరు చెప్పలేని మగవాడు రోడ్ల మీద తిరిగితే నక్సలైటేమోనని పోలీసులూ అనుమానించేవారు, పోలీసుల మనిషేమోనని అన్నలూ అనుమానించేవారు. అది తలుచుకునే ఆమె ఏడ్చింది.

ఆ సాయంత్రమే లైబ్రరీకి పోయి సరైన మాట కొట్టాను. అదే డిస్కులో ఉన్నాయి. ఆ మాత్రతో మతి చెడినవాళ్లు, అది ఆపితే కోలుకున్నవాళ్లు. వివరాలు కాగితం మీద రాసుకున్నాను. ప్రొఫెసర్ గది తలుపు దాకా పోయాను. తట్టలేదు. డాక్టరు సర్టిఫికెట్ ఆగిపోతుందని భయం. కాగితం చింపేశాను.

ఆపినా తగ్గేది కాదేమో అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! సరే, తగ్గేది కాదనుకో, మరి ఎందుకు చింపావు?

ఇప్పుడు జగిత్యాలలో వైద్య విద్యార్థులకు పాఠాలు చెబుతాను. ఫోన్‌లో మొదట కనిపించింది చదివి "ఏం లేదు సార్" అంటారు. వార్డంతా వినపడేలా అరుస్తాను. కోపం వాళ్ల మీద కాదని వాళ్లకెలా తెలుస్తుంది?

రెండుసార్లు సిరిసిల్లలో రాజవ్వ ఉండే వీధి దాకా పోయి తిరిగొచ్చాను. నర్సయ్య ఇంతవరకూ రాలేదని మాత్రం తెలిసింది. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. అయినా ఒక్కసారి పూర్తిగా అననివ్వండి. నేను వెతకలేదు. వెతికానని అబద్ధం చెప్పాను. అబద్ధమని తేలాక కూడా దాచాను.

అనేశాను. ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది. అంతే.