మాస్టారు ఆగే చోటు

మాస్టారు పోయి పన్నెండు రోజులైంది. కబురొచ్చేసరికి కొత్తపేటలో నా సెల్ షాపు షట్టర్ సగమే ఎత్తాను. మళ్ళీ దించేశాను. దించాక గుర్తొచ్చింది, ఆయన క్యాసెట్ లోపల సొరుగులోనే ఉందని. ఆయన చూస్తుండగా టీవీలో వేస్తానని మాటిచ్చిన క్యాసెట్ అది.

ఊళ్ళో కేబుల్ టీవీ కూడా నాదే. పాతికేళ్ళ కిందట షాపు వెనక గదిలో ఒక కెమెరా, ఒక నల్లబల్ల పెట్టుకుని మేమిద్దరం పిల్లల పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాం. రోజూ సాయంత్రం ఆరింటికి, అరగంట. మాస్టారు బడి నుంచి సైకిల్ మీద వచ్చి మొహం కడుక్కునేవారు గానీ చొక్కా మీద సుద్దపొడి దులుపుకునేవారు కాదు. పిల్లలు తనని గుర్తుపట్టొద్దా అనేవారు.

ఆయనది ఒక పద్ధతి. ప్రశ్న అడిగాక ఆగేవారు. “కొబ్బరిచెట్టు మీద అంత ఎత్తున కాయలోకి నీళ్ళు ఎలా వెళ్ళేయర్రా?” అని అడిగి, సుద్దముక్క పట్టుకుని కెమెరా వంక చూస్తూ నిలబడిపోయేవారు. నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

“మీ జవాబు నాకు వినపడదు. అయినా మీరు చెప్పేదాకా ఉంటాను” అని పిల్లలతో ముందే చెప్పేవారు.

ఆ నిమిషం నాకు నరకం. బొమ్మ ఆగిపోయిందంటూ ఒకటే ఫోన్లు. రేవు దగ్గర ఒకాయన అయితే వైరు తెగిందనుకుని పీకి మళ్ళీ కలపబోయి, వీధి మొత్తానికి కేబుల్ లేకుండా చేశాడు.

విసుగెత్తి, ఆ ఖాళీలో నేనే తెర అడుగున ఎరువుల కొట్టు, బట్టల కొట్టు ప్రకటనలు తిప్పాను. తర్వాత ఖాళీ సగం కోశాను. తర్వాత మొత్తం కోశాను. కొన్నాళ్ళకి తెర మీదికి ఒక కంప్యూటర్ బొమ్మ చిలక వచ్చింది, ఆయన అడగ్గానే అదే జవాబు చెప్పేసేది. తర్వాత ఆయన మొహం పోయి గొంతు మిగిలింది, తర్వాత అదీ పోయింది. ఇప్పుడు చిలకే పాడుతుంది, ఆడుతుంది, ఫోన్లలో అర నిమిషం ముక్కలుగా వస్తుంది. కార్యక్రమం పేరు మాత్రం మాస్టారు పెట్టిందే. పాత పాఠాల క్యాసెట్ల మీద పెళ్ళి వీడియోలు ఎక్కించేశాను. ఒక్కటే మిగిలింది.

ఆయన నన్నొక్క మాట అనలేదు. చిలకని చూసి ఒకసారి, “తెలివైన పక్షే బాబూ. పిల్లల వంతు కూడా అదే చెప్పేస్తోంది” అని నవ్వేరు, అంతే.

రెండేళ్ళ కిందట షాపుకొచ్చి అడిగారు. “ఆ మిగిలిందాన్ని ఒక్కసారి కోయకుండా వెయ్యి. నేనూ ఇంట్లో కూచుని చూస్తాను. ఆగితే ఎలా ఉంటుందో నాకూ తెలీదు కదా.”

ఆయ్, అలాగేనండి అన్నాను. దసరాకి అన్నాను, ఉగాదికి అన్నాను. ఇంతలో ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద నుంచి నా వంక చూసి పెదవులు కదిపారు. మాట రావడానికి ఆయన పడే అవస్థ చూడలేకపోయాను. క్యాసెట్ గురించేనని నాకు నేనే అనుకుని, వచ్చే ఆదివారం వేసేస్తానండి, మీరేం కంగారు పడకండి అని గబగబా చెప్పి చెయ్యి నొక్కి వచ్చేశాను. ఆ ఆదివారమూ వెయ్యలేదు.

ఆయన పోయిన రోజు వాళ్ళావిడ నన్ను పక్కకి పిలిచారు. ఆవిడ తిట్టినా బాగుండేది.

“ఆ రోజు ఆయన నీతో ఏదో అనబోయేరు బాబూ. నువ్వు కాసేపు ఆగలేదు. ఏమనాలనుకున్నారో నాకూ చెప్పలేకపోయేరు.”

నిన్న పెద్దకర్మ భోజనాలయ్యాక షాపు తీసి, ఆరింటికి ఆ క్యాసెట్ వేశాను. ప్రకటనలు లేవు, చిలక లేదు. ఆయన కొబ్బరికాయ ప్రశ్న అడిగారు. ఆగారు.

ఒకప్పుడైతే పది ఫోన్లు వచ్చేవి. నిన్న ఒక్కటే వచ్చింది. ఎవరో పెద్దావిడ, బొమ్మ ఆగిపోయిందండీ అన్నారు.

“ఆగిపోలేదమ్మా. మాస్టారు మీరు చెప్పేదాకా ఉంటారు” అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. నేనూ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను. టీవీలో ఆయన, చొక్కా నిండా సుద్దపొడితో, ఇటే చూస్తూ నిలబడి ఉన్నారు.