ఒడార్టే విసిరిన తువ్వాలు

పొద్దున్నే కళ్లు తెరవగానే ఒడార్టే చెవుల వెనక సన్నటి చప్పుడు మొదలవుతుంది, ఎవరో రేకు డబ్బాని గోటితో గీస్తున్నట్టు. అది తగ్గేదాకా మంచం మీదే కూర్చుంటాడు. ఆ సరికి భార్య కోర్కోయ్ పెరట్లో కుండ దించి, మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించిన కెంకీ పిండిముద్దల్ని అమ్మడానికి గంపలో సర్దుతూ ఉంటుంది. మధ్యలో లేచి లోపలికొచ్చి అతని చొక్కా గుండీలు పెట్టి వెళ్తుంది. ఎందుకు పెట్టాల్సి వస్తోందో ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అక్రా నగరంలో బుకోమ్ పేట అంటేనే బాక్సింగు. అక్కడ నడక వచ్చిన ప్రతి పిల్లాడి ముందూ ఎవడో ఒకడు పిడికిళ్లు ఎత్తి నిలబడతాడు. ఒడార్టే ముందు నిలబడింది వాళ్ల మేనమామ. వయసులో ఉండగా ఒడార్టే దేశం మొత్తం మీద గెలిచాడు, ఒకసారి విమానమెక్కి పోయి పరాయి ఊళ్లో చావుదెబ్బలు తిని వచ్చాడు. ఆ తర్వాత కూడా చాన్నాళ్లు ఆడాడు, వేరే పని చేతకాక. ఇప్పుడు రేకుల కప్పు కింద రెండు ఇసుక సంచులు వేలాడదీసి నలుగురికి నేర్పుతున్నాడు. ఆ నలుగురిలో చెప్పుకోదగ్గది ద్రోమో. చేపలమ్మే దేదేయ్ కూతురు. ఎడమచేతి దెబ్బ పడిందంటే సంచి కుట్లు ఊడాల్సిందే.

ఒకరోజు ఓసూ పేట వైపు నుంచి లామిలే అనే అమ్మాయి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఫోనులో ఆడే గేమ్ ఒకటి తయారుచేస్తున్నారట. అందులో ఎవరికి వారు ఒక మనిషిగా పుట్టి, పెరిగి, ఏదో పని పట్టుకుని, చివరికి చచ్చిపోతారట. కొత్తగా అందులో బాక్సింగు, కుస్తీ పెడుతున్నారు. ఒడార్టే కాళ్ల కదలిక, దెబ్బ కొట్టేటప్పుడు వేసే మూలుగు వాళ్లకి కావాలి. మూలగడానికి కూడా మనిషి కావాలా అని కోర్కోయ్ ఆశ్చర్యపోయింది. ఇంట్లో రోజూ ఊరికే వింటోంది మరి.

మందుల షాపు పైన ఒక ఇరుకు గదిలో ఒళ్లంతా తీగలు తగిలించుకుని ఒడార్టే మధ్యాహ్నం దాకా గాలిని గుద్దాడు. మూలిగాడు. పడిపోయినట్టు పడిపోయి చూపించమంటే అదీ చూపించాడు, ఒకటికి నాలుగుసార్లు. పని అయ్యాక లామిలే ఫోను చేతికిచ్చి ఒకసారి ఆడి చూడమంది.

తన పేరే పెట్టుకుని పుట్టాడు. ఒక బటన్ నొక్కితే ఒక ఏడాది గడిచిపోతుంది. పదహారేళ్లకి బాక్సింగు ఎంచుకున్నాడు. తెర మూలన మెదడు ఉండాల్సిన చోట పెనం మీద చేప బొమ్మ ఉంది. తలకి దెబ్బ తగిలినప్పుడల్లా ఆ చేప కాస్త ఎర్రగా వేగుతుంది. నలభై దాటాక అది మాడింది. అప్పుడు తెర మీద అక్షరాలు పడ్డాయి: ఈ ఏడాది మీరు కరెంటు స్తంభాన్ని కుశలమడిగారు. స్తంభం బాగానే ఉన్నానంది. తర్వాత బటన్ నొక్కడం తప్ప చెయ్యడానికి ఏమీ లేదు. నొక్కుతూ పోతే యాభై తొమ్మిదో ఏట అతనికి సన్మానం చేశారు. సభలో ఎవరో గంట కొట్టారు. బొమ్మ ఒడార్టే ఎగిరి లేచి అధ్యక్షుడి మీదకి పిడికిలి విసిరి, గురి తప్పి, కేకులో తలకిందులుగా దిగబడి ఊపిరాడక పోయాడు. కేకులోంచి కాళ్లు రెండూ కాసేపు తన్నుకున్నాయి.

గదిలో ఉన్న గేమ్ తయారుచేసే కుర్రాళ్లెవరూ నవ్వలేదు. లామిలే ముఖం కందిపోయింది. అది తీసేస్తాం బాబాయ్, అని గొణిగింది.

ఒడార్టే మళ్లీ పుట్టాడు. ఈసారి చేపలు పట్టాడు. ఇరవై రెండేళ్లకే ఒక చేప అతన్ని మింగి, రుచి బాగాలేదని ఫిర్యాదు చేసింది. మూడోసారి ఆడదై పుట్టి కెంకీ అమ్ముకున్నాడు. తొంభై ఒకటో ఏట ఎవరి చావుకో వెళ్లి, అక్కడి ఉపన్యాసం వింటూ ప్రాణం విడిచాడు. ఇంకో ఇద్దరు ఉపన్యాసాలు ముగించేదాకా ఎవరూ గమనించలేదు. అది చూసి ఒడార్టే కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్లు తుడుచుకుని, చావులేవీ తీసెయ్యొద్దన్నాడు.

"అయితే నలభైకీ యాభై తొమ్మిదికీ మధ్య వాడు ఏం చేస్తున్నాడమ్మా?" అని అడిగాడు.

"ఏమీ చెయ్యడు బాబాయ్. అక్కడ ఏదన్నా పెడితే ఆడేవాళ్లకి విసుగొస్తుంది."

"నిజమే," అన్నాడు ఒడార్టే. "నాకూ విసుగ్గానే ఉంది."

గేమ్ బయటికొచ్చాక బుకోమ్ కుర్రాళ్లంతా దాని మీద పడ్డారు. దారిన పోతుంటే అరుగుల మీంచి అతని మూలుగు అతనికే వినబడేది. పెద్దయ్యా, నిన్ను పొద్దుట్నించీ మూడుసార్లు చంపాను అని ఒకడంటే, నా దగ్గర నిన్ను మేక తొక్కేసింది అని ఇంకొకడు. వాళ్లకి అది ప్రేమే. ఒడార్టే తలాడించి నడిచిపోయేవాడు. ద్రోమో మాత్రం ఆ గేమ్ ముట్టలేదు. ఆమె పందెం దగ్గర పడుతోంది. గెలిస్తే దేశపు విజేత పట్టీ నడుముకి చుట్టుకోవచ్చు.

పందెం రోజున హాలు కిక్కిరిసింది. మొదటి నాలుగు రౌండ్లూ ద్రోమోవే. అయిదో రౌండులో అవతలి పిల్ల కొట్టిన దెబ్బ ఒకటి చెవి పైన గట్టిగా తగిలింది. పడలేదు, నిలదొక్కుకుంది. గంట కొట్టారు. ద్రోమో తన మూలకి రాకుండా ఎవరూ లేని మూలకి నడిచి, అక్కడి స్తంభం ముందు ఆగి, కూర్చోడానికి పీట కోసం చూసింది. అభిమానులు సరదా చేస్తోందనుకుని ఈలలు వేశారు. తర్వాత తనే సర్దుకుని నవ్వుతూ వచ్చింది.

"చిన్న తికమక, పెద్దనాన్నా. నీళ్లివ్వు."

ఒడార్టే నీళ్లిచ్చాడు. ఆమె కళ్లలోకి చూశాడు. వద్దమ్మా అందామనుకున్నాడు కానీ ఆమె అప్పటికే లేచి నిలబడింది. ఆరో రౌండు మొదలై పట్టుమని పది దెబ్బలు పడకముందే అతని చేతిలోని తువ్వాలు గాల్లోకి లేచి బరి మధ్యలో పడింది. గురువు తువ్వాలు విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టే, పందెం ఆపేశారు. గెలుస్తున్న ద్రోమో ఓడిపోయింది.

ఆ తర్వాత సీసాలు, చెప్పులు వచ్చి పడ్డాయి. ద్రోమో అతని వంక చూడలేదు, చేతి తొడుగులు పళ్లతో పీక్కుంటూ దిగిపోయింది. ఆమె తల్లి దేదేయ్ జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"నీ తల చెడిపోయిందని లోకంలో అందరి తలలూ చెడిపోయాయనుకున్నావా? నా బిడ్డ నోటి దగ్గర కూడు లాగేశావు కదయ్యా."

ఆమె లాగినప్పుడు రెండు గుండీలు తెగిపోయాయి. పక్కవాళ్లు విడదీసి అతన్ని వెనక గుమ్మం నుంచి పంపించారు.

వారం తిరక్కుండా ద్రోమో వేరే గురువు దగ్గరికి వెళ్లిపోయింది. తర్వాతి పందెం గెలిచింది, దాని తర్వాతదీ గెలిచింది. ఆ సంగతి ఒడార్టే రేడియోలో విన్నాడు. పందాలు పెట్టేవాళ్లు అతన్ని పిలవడం మానేశారు. రేకుల కిందికి ఇప్పుడు తాడాట నేర్చుకునే చిన్నపిల్లలు తప్ప ఎవరూ రారు. అతను మూల కుర్చీలో కూర్చుని, మోకాళ్లు ఎత్తండ్రా అంటూ ఉంటాడు. కొన్నిసార్లు అనడం కూడా మరిచిపోతాడు.

కోర్కోయ్ చాలా రోజులు ఓపిక పట్టింది. చివరికి ఒక సాయంత్రం వేయించిన చేప, మిరపకారం, కెంకీ అతని ముందు పెట్టి పక్కనే చతికిలపడింది.

"నిజం చెప్పవయ్యా. ఆ పిల్ల తల నిజంగానే తిరిగిందా, నీకలా కనబడిందా?"

ఒడార్టే ముద్ద తుంచి కారంలో అద్దాడు.

"తెలీదు కోర్కోయ్. ఆ పూట ఇంకో దెబ్బ చూసే ఓపిక నాకు లేదు. అంతే."

ఆమె చేపలో ముళ్లు తీసి అతని వైపు జరిపింది. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు.