పచ్చడి జాడీలో వైన్

వైన్ రుచి చూడడం నేను ఫ్రాన్సులో నేర్చుకున్నాను. కాదులెండి, గోవాలో. అదీ అబద్ధమే. మొన్న డిసెంబరులో, పటమటలో మా వరండాలో కూర్చుని ఫోన్లో వీడియో చూసి నేర్చుకున్నాను.

అవసరం అలా వచ్చింది. మా పక్కింటివాళ్లు క్రైస్తవులు. ఆ ఇంటి పెద్దావిడ ఏటా క్రిస్మస్‌కి నల్లద్రాక్షతో వైన్ పెట్టేవారు. నాకూ ఓ గ్లాసు వచ్చేది. తాగేసి, ద్రాక్ష ఏ తోటదో కూడా చెప్పగలనని కోతలు కోసేవాణ్ణి. కిందటి వేసవిలో ఆవిడ పోయారు. ఈసారి వైన్ కోడలు పెట్టింది.

పండగ ముందురోజు పొద్దున్నే ఆ అమ్మాయి గోడ దగ్గరికి వచ్చింది.

"బాబాయిగారూ, రేపు బందరు నుంచి మా వదిన వస్తోంది. వాళ్లమ్మ లేని మొదటి పండగ. వైన్ తన ముందు పెట్టొచ్చో లేదో మీరే చెప్పాలి. మీకైతే అన్నీ తెలుసుగా."

సాయంత్రం వస్తానని చెప్పి, మధ్యాహ్నమంతా ఆ వీడియో చూశాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, టీ గ్లాసులో సగానికి పోయించుకున్నాను. ట్యూబులైటు కింద పట్టుకుని రంగు చూశాను. గ్లాసు మెల్లగా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఓ గుక్క తీసుకుని, వెంటనే మింగకుండా నాలుకంతా తడిసేదాకా ఆగాను. రంగు బాగుంది, తీపి సరిపోయింది. కానీ ముక్కుకి ముందు తగిలింది ద్రాక్ష కాదు.

"అమ్మాయ్, ఆవపిండి వాసనొస్తోంది."

ఆమె మొహం వాడిపోయింది. "ఆవకాయ జాడీలో పెట్టానండి. పెద్దది అదొక్కటే ఉంది. కడిగి ఎండలో కూడా పెట్టాను. అత్తయ్యగారు దేంట్లో పెట్టేవారో నాకు తెలీదు. వైన్ పెట్టేటప్పుడు వంటింట్లోకి ఎవర్నీ రానిచ్చేవారు కాదు."

"అయితే వద్దులే. కేకు పెట్టు, చాలు," అన్నాను, పెద్ద నిపుణుడిలా.

మర్నాడు చర్చి నుంచి రాగానే నన్నూ పిలిచారు. కేకు ముక్క చేతిలోకి తీసుకుని ఆడపడుచు అడగనే అడిగింది.

"వైన్ ఏది?"

"బాగా కుదరలేదు వదినా. బాబాయిగారు వద్దన్నారు."

"ఆయన వద్దంటే? తే ముందు."

కోడలు గ్లాసు తెచ్చి పక్కనే నిలబడింది. ఆడపడుచు ఒక గుక్క తాగింది. మళ్లీ తాగింది.

"ఏ జాడీలో పెట్టావు?"

"ఆవకాయ జాడీలో. చెప్పాగా, కుదరలేదని..."

"అమ్మ కూడా దాంట్లోనే పెట్టేది," అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నావైపు తిరిగింది. "ఏం బాబాయిగారూ, అన్నేళ్లు తాగారు. ఈ వాసన మీకు తెలీదూ?"

"వాసన చూస్తే కదమ్మా," అన్నాను. "ఇచ్చిందిచ్చినట్టు గొంతులో పోసుకునేవాణ్ణి. రుచి చూడడం నిన్ననే నేర్చుకున్నాను, ఫోన్లో."

ఇద్దరూ నవ్వారు. కోడలు నాకూ ఓ గ్లాసు పోసింది. ఈసారి తిప్పలేదు, లైటుకి పట్టలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చాను. ముందు ఆవపిండి, దాని వెనక లవంగం, ఆ తర్వాత నిదానంగా ద్రాక్ష. పెద్దావిడ గ్లాసు అందిస్తూ "మెల్లగా తాగండి" అనేవారు. ఎందుకనేవారో అప్పుడు తెలిసింది.

"వేసవిలో ఆవకాయ దాంట్లోనే పెట్టు," అంటోంది ఆడపడుచు. "మరీ అంత తోమకు."