కలవని మూడు గీతలు

హీనాకు వేదికలంటే భయం లేదు. రోజూ పాఠం చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం సన్మాన వేదిక మీద కుర్చీలో కూర్చోగానే లేచి వెళ్లిపోదామా అనిపించింది.

కోట అనే ఊళ్లో ఓ ప్రైవేటు కాలేజీలో ఆమె ఫిజిక్స్ లెక్చరర్. విద్యుత్తునూ అయస్కాంతాన్నీ నడిపే బలం, అణుకేంద్రాన్ని పట్టి ఉంచే బలం, కొన్ని పరమాణువుల్ని నెమ్మదిగా క్షీణింపజేసే బలం: ఈ మూడూ ఆదిలో ఒకటేనా అన్న ప్రశ్న ఆమెను ఏళ్ల తరబడి నిద్రపోనివ్వలేదు. శక్తి పెరిగేకొద్దీ ఆ బలాలు ఎలా మారతాయో లెక్కగట్టి గీస్తే, మూడు గీతలూ ఒక్కచోట కలిశాయి. కలిశాయంటే మూడూ ఒకటేనన్నమాట. ఆ సంగతి జిల్లా పేపర్లో పడింది. ఇక ఊరు ఊరుకుంటుందా? సృష్టి రహస్యం ఛేదించిన ఆడబిడ్డ అంటూ కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు. ఆమె తండ్రి సైదావలి టైలరు. అంగడికొచ్చిన ప్రతివాడికీ ఆ గీతల గురించి చెబుతూ కొలతలు తీయడం మరిచిపోయేవాడు.

సన్మానం నాటి పొద్దున హీనా లెక్క మళ్లీ సరిచూసుకుంది. ఒకచోట మైనస్ ఉండాల్సింది ప్లస్ పడింది. దిద్దితే గీతలు కలవలేదు. తప్పు ఇంకెవరికీ తెలియదు. చెబితే, కొత్త చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చోబోతున్న నాయన తల ఎక్కడ పెట్టుకుంటాడు?

"నా లెక్కలో తప్పుందండీ. గీతలు కలవలా" అంది, సభలో మైకు అందుకోగానే.

కాలేజీ కరస్పాండెంటు చెంచురామయ్య గారు మైకు లాక్కున్నారు. "చూసినారా, ఎంత వినయమో! ఇంత సాధించి గూడా ఏమీ లేదంటా ఉంది!"

హాలంతా చప్పట్లు. భుజాల మీద శాలువా పడింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఎంత తేలికో! ఆ తేలికే ఆమెను హడలగొట్టింది. శాలువా తీసి బల్ల మీద పెట్టింది.

"వినయం కాదు సార్. నిజంగానే తప్పు చేసినాను. ఆ ఫ్లెక్సీ తీసేయండి."

చప్పట్లు ఆగిపోయాయి. తండ్రి వైపు చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

సభ అయ్యాక సైదావలి కూతురి స్కూటీ వెనక కూర్చుని బయల్దేరాడు. అంగడి దగ్గరికి రాగానే స్కూటీ ఆపమన్నాడు. ఇక తిట్లు తప్పవనుకుంది హీనా.

"ఆ గీతలు ఇంక ఎప్పటికీ కలవవా మా?"

"తెలీదు నాయనా. మళ్లా మొదట్నుంచి చూడాల."

ఆయన తాళం వేసిన షట్టరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"రేపు తెరిస్తే అందరూ అడగతారు. నేనొక్కణ్ణే చెప్పలేను మా. నువ్వొచ్చి నా పక్కన కూచుంటావా?"